సీలు విప్పని నాలుగో పొట్లం

ఆదివారం పొద్దున్న పదకొండు గంటలకు మా చెల్లెలు వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తూ పడిపోయింది. పళ్లు బిగుసుకుపోయాయి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. స్టవ్ ఆపేసి, ఆమెను పక్కకు తిప్పి పట్టుకున్నాను. రెండు నిమిషాలు పట్టిందేమో. బాగా తెలివొచ్చాక ఆమె అడిగిన మొదటి మాట, "ఎన్ని నెలలయింది అన్నయ్యా?"

లెక్క ఇద్దరికీ తెలుసు. ఫిట్స్ రాక రెండేళ్ల పది నెలలు. మూడేళ్లపాటు ఫిట్స్ రాకపోతే మాత్ర మెల్లగా తగ్గించి ఆపేద్దామని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఇంకో రెండు నెలలు ఆగితే సరిపోయేది.

అప్పుడామె నర్సింగ్ రెండో సంవత్సరం. నేను అనకాపల్లి నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. ఫిట్స్ సంగతి కాలేజీలో తెలియకూడదని ఆమె పట్టు. అందుకని మాత్రలు నెలనెలా నేనే తెచ్చేవాణ్ని, మెయిన్ రోడ్డులో తెలిసిన భాయ్ మందుల షాపు నుంచి. డాక్టరు చీటీ ఆయన అడిగేవాడు కాదు, బిల్లు నేను తీసుకునేవాణ్ని కాదు. బిల్లు మీద పేరుంటుంది, అది ఎవరి కంట పడుతుందోనని భయం.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం ఆమె రెండు మాత్రల అట్టలు మంచం మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి పోయిన నెలది, ఒకటి ఈ నెలది. మందు ఒకటే, ఫెనిటాయిన్. మోతాదూ ఒకటే. కంపెనీలు వేరు.

"నువ్వు చూడలేదా?"

"భాయ్ అదే మందన్నాడు."

"అదే మందే. అక్కడే ఉంది తిరకాసు." క్లాసు నోట్సు తెచ్చి నా ముందు పడేసింది. కొన్ని మందులు రక్తంలో ఉండాల్సిన పాళ్ల హద్దులు చాలా ఇరుకు. కొంచెం తగ్గితే పనిచెయ్యవు, కొంచెం పెరిగితే హాని చేస్తాయి. ఫెనిటాయిన్ ఆ కోవలోది. అట్ట మీద రాసినంత మందూ మాత్రలో ఉన్నా, ఒక కంపెనీది కడుపులో కరిగినట్టు ఇంకో కంపెనీది కరగకపోవచ్చు. కంపెనీ మార్చకూడదన్న వాక్యం కింద ఎర్ర గీత ఉంది.

"గీత నువ్వే కదా గీసేవు?" అన్నాను.

"పరీక్షకని గీసేను. నా మాత్ర గురించి అనుకోలేదు."

ఆసుపత్రిలో రక్తం తియ్యకముందే అదే మందు ఇంజెక్షన్ చేసేశారు కాబట్టి, మాత్ర సరిగా కరిగిందో లేదో రక్తం పరీక్షలో తేలే దారి పోయింది. డాక్టరు ఒకటే మాటన్నాడు. "మాత్రలో లోపమని కాగితం తెస్తే ఆలోచిద్దాం. లేకపోతే మళ్లీ ఒకటో నెల నుంచి లెక్క."

వార్తల పనిమీద ఎరిగిన డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేశాను. మా ఇంట్లో మిగిలిన అట్ట ఇస్తానన్నాను. బిల్లు లేనిదే అది ఆ షాపుదని ఎలా రాసేదన్నాడు, షాపుకే వచ్చి సరుకు తీసుకుంటానన్నాడు. భాయ్‌కి ముందుగా చెప్పలేదు. చెబితే సరుకు తీసేస్తాడేమోనని అనుమానం.

ఇన్‌స్పెక్టరు మంగళవారం వచ్చాడు. షాపులో అదే బ్యాచ్ అట్టలు మిగిలున్నాయి. వాటిని నాలుగు వాటాలు చేసి, కవర్లలో పెట్టి, దారం చుట్టి, లక్క కరిగించి సీలు వేసి, భాయ్‌తో అన్నాడు: "ఒకటి ల్యాబుకి, ఒకటి కంపెనీకి, ఒకటి కోర్టు కోసం నా దగ్గర. నాలుగోది మీది. రేపు మేమేదో మార్చామని మీకు అనిపిస్తే ఇదే మీ సాక్ష్యం. సీలు మాత్రం తియ్యకండి." తర్వాత బిల్లు పుస్తకం అడిగాడు. చీటీ, బిల్లు లేకుండా అమ్మినందుకు భాయ్‌కి నోటీసు వచ్చింది.

ఇన్‌స్పెక్టరు వెళ్లాక భాయ్ తన వాటా పొట్లాన్ని బల్ల సొరుగులో పెట్టాడు. షాపు ముందు పరవాడ మందుల కంపెనీ బస్సు ఆగి, షిఫ్టు వాళ్లను ఎక్కించుకుని పోయింది.

"నాకో మాట సెప్పొచ్చు కదేటి బావా? నువ్వు పేపరోడివని మర్సిపోయేను."

"చెప్పాల్సింది," అన్నాను.

"బిల్లొద్దన్నదెవుడు? పాత కంపెనీ సరుకు రాలేదు. పిల్లకి మాత్ర ఆగిపోకూడదని ఇది ఇచ్చేను. ఇప్పుడు నేను దొంగనయ్యేను, నువ్వు పెద్దమనిషివయ్యేవు."

వారం వారం ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసేవాణ్ని. ల్యాబులో ఉందనేవాడు. కొన్నాళ్లకు ఆయనకు బదిలీ అయింది. కొత్తాయన ఫైలు వెతికిస్తానన్నాడు. ఒకరోజు చెల్లెలే షాపుకు పోయింది. నేను వెనకే వెళ్లాను.

"ఆ పొట్లం ఇప్పండి భాయ్. మా ఇంట్లో అట్టకి బిల్లు లేదని ఎవరూ తీసుకోవట్లేదు. ఒక్క అట్ట ఇవ్వండి. నేనే ఎక్కడో పరీక్ష చేయించుకుంటాను."

"ఇప్పితే నేనే మాత్రలు మార్సేనంటారమ్మా. సీలు ఉంటేనే నా మాటకి ఇలువ."

ఆమె నా ముందు నడిచింది. మా గేటు దగ్గర ఆగి, "ఆయన చెప్పింది నిజమే," అంది.

లెక్క మళ్లీ ఒకటో నెల నుంచి మొదలైంది. చీటీ చూపించి, బిల్లు తీసుకుని, పాత కంపెనీ మాత్రే కొన్నాం, అదే షాపులో. మూడేళ్లు గడిచాయి. ఫిట్స్ రాలేదు. చెల్లెలు స్టాఫ్ నర్సయింది. మాత్ర తగ్గిద్దామని ఈసారి డాక్టరే అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ఆ రోజు పడింది మాత్ర వల్లో, నా జబ్బు వల్లో తెలీకుండా ఎలా ఆపమంటారు?" అంది.

ఆమె ఇప్పటికీ రాత్రి భోజనమయ్యాక మాత్ర వేసుకుంటోంది. నాలుగో పొట్లం భాయ్ షాపులో, బల్ల సొరుగులో ఉంది. లోపలి మాత్రల గడువు ఎప్పుడో దాటిపోయింది. సీలు అలాగే ఉంది. ల్యాబు నుంచి భాయ్‌కి గాని మాకు గాని ఇంతవరకు ఏ కాగితమూ రాలేదు.