టమోటా తోటలో పైలట్

విమానాల కంపెనీ వదిలేశాక కూడా నేను పైలట్‌నే. కాకపోతే ఇప్పుడు నా విమానం వ్యానులో పట్టేస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల టమోటా తోటలకు డ్రోన్‌తో మందు కొడతాను. "పైలట్ అంటిరే, యాల ఈడ నేల మీద నిలబడుకోని ఉండారు?" అని ఊరూరా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. జవాబు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

మొన్న పుంగనూరు దగ్గర ఒక రైతు తోటకు వెళ్ళాను. గాలి లేవకముందే, పొద్దున్నే మందు కొట్టేయాలి. తోట మధ్యలో గడ్డితో చేసిన దిష్టిబొమ్మ ఉంది. డ్రోన్ రెక్కల గాలికి బొమ్మ పడిపోతుంది, కాసేపు తీసి పక్కన పెట్టమని రైతుతో అన్నాను.

"కాయ ఎర్రబడే టైంలో బొమ్మ తీస్తారా సార్ ఎవురైనా?" అన్నాడు.

డ్రోన్ లేపగానే అనుకున్నంతా అయింది. బొమ్మ కట్టె విరిగి బోర్లా పడింది. ఆయన చేతులూపుతూ డ్రోన్ దింపించాడు. రోడ్డున పోయేవాళ్ళ కళ్ళన్నీ ఇక పంట మీదే పడతాయట.

"కొత్త కట్టె తెస్తా. అందాకా బొమ్మ జాగాలో మీరు నిలబడండి సార్."

నిలబడకపోతే డ్రోన్ లేవనివ్వడు. పాత అలవాటు కొద్దీ వేసుకున్న తెల్లచొక్కా, నల్లకళ్ళద్దాలతో అలాగే నిలబడ్డాను. ఈలోగా గాలి లేచింది, ఆ పూట పని చెడింది. బైకుల వాళ్ళు ఆగి మరీ నన్ను చూసి పోయారు.

కట్టెతో వచ్చిన రైతు ముఖం వెలిగిపోయింది.

"పంట పక్క ఒక్కడూ సూడ్లేదు సార్! రేపు కూడా రండి. డ్రోన్ లేకున్నా పర్లేదు."