నేను ఇంట్లో ఉంచమన్న పిల్ల

సర్కారు బడుల్లో పరీక్షల పద్ధతి మొత్తం మారుస్తారట. పొద్దున్న పేపర్లో ఆ వార్త చదివి, ఉక్కు ప్లాంటులో పనిచేసి రిటైరైన మా ఆయన "ఇకనైనా బాగుపడతాయి మీ బడులు" అన్నారు. ముప్ఫై ఏళ్ళ టీచరు ఉద్యోగంలో ఇలాంటి మార్పులు చాలా చూశాను. అందరినీ పాస్ చేయమన్నారు, తర్వాత ఫెయిల్ కూడా ఉండాలన్నారు. ప్రతిసారీ మేం శిక్షణకు వెళ్ళి, సమోసాలు తిని, సంతకాలు పెట్టి వచ్చాం.

చరోదా రైల్వే కాలనీ దగ్గర మా హిందీ బడిలో తెలుగు వచ్చిన టీచర్ని నేనొక్కదాన్నే. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబాలకు ఏ కబురు చెప్పాలన్నా హెడ్‌మాస్టరు నన్నే పంపేవారు. ఒక ఏడాది జిల్లా అంతటికీ ఒకే ప్రశ్నపత్రం పెట్టారు. బడి సగటు ఎంతుంటే అంత పేరు. సగటు పెంచడానికి మేం కనిపెట్టిన ఉపాయం, వెనకబడిన పిల్లల్ని ఆ రోజు ఇంట్లో ఉంచేయడం. ఆ జాబితాలో మా ఐదో తరగతి పిల్ల ఒకతె ఉంది. లెక్కలు నోటితో టకటకా చెప్పేది. కాగితం మీద జవాబుల పక్క సున్నాలు నల్లగా దిద్దమంటే మాత్రం ఒక వరసవి ఇంకో వరసలో దిద్దేది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ కుర్చీ తుడిచి వేసింది. రేపు పెద్ద పరీక్ష, పిల్లని పంపొద్దని చెప్పాను.

"పరీచ్చయితే పంపాల గదేటి టీచరమ్మా?"

"దానికి కష్టమమ్మా. తప్పితే బడి పేరు పోతుంది. ఒక్కరోజు ఇంట్లో ఉండనీ" అన్నాను. పిల్ల తలుపు పక్కనే నిలబడి వింటోంది. అది చూస్తూనే అన్నాను.

మా బడికి మంచి పేరొచ్చింది. నాకు శాలువా కప్పారు, సిగ్గులేకుండా కప్పించుకున్నాను. పిల్ల మాత్రం మళ్ళీ బడికి రాలేదు. నెల తిరిగాక వెళితే వాళ్ళమ్మ గుమ్మంలోనే చెప్పింది.

"నానెల్తే బడి పేరు పోద్ది అంటంది టీచరమ్మా. ఏటి సేత్తాం? రుఆబాంధా కాలనీలో ఒకరింట పనికి పెట్టీసినాను."

బతిమాలాను. పని నుంచి అప్పుడే వచ్చిన పిల్ల "నమస్తే మేడమ్‌జీ" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ గొంతులో కోపమైనా లేదు. ఉంటే బాగుండేది.

కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. అలా అన్నవాళ్ళు నాలా తప్పు చేసినవాళ్ళే అయ్యుంటారు. బడి పోగొట్టుకున్న పిల్లకు పదేళ్ళ వయసు ఏ కాలమూ తిరిగివ్వదు.