సైన్సు మాస్టారి పట్టిక

త్రికోటేశ్వరరావు మాస్టారు రాజుపాలెం హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. నేను అదే బళ్ళో తెలుగు పండితుణ్ణి. స్టాఫ్ రూములో పద్నాలుగేళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. మనిషి చెడ్డవాడు కాదు. అదే నా బాధ. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి.

ఎనభై ఒకటిలో మా బళ్ళో రక్తం గ్రూపులు చూసే శిబిరం పెట్టారు. టీచర్లు కుటుంబాలతో వచ్చారు. వేలి మీద ఒక పోటు, గాజుపలక మీద రెండు చుక్కలు, చేతికో కార్డు. మాస్టారిది ఓ. భార్య అనసూయది ఓ. తొమ్మిదేళ్ళ కూతురిది బి. పొయ్యి మీద పప్పు పెట్టొచ్చానంటూ అనసూయ పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది. మాస్టారు మాత్రం కార్డులు చూస్తూ అక్కడే నిలబడిపోయాడు. ఏటా పదో తరగతికి బోర్డు మీద పట్టిక గీసి చెప్పేది ఆయనే. తల్లీ తండ్రీ ఓ అయితే పుట్టే బిడ్డ కూడా ఓ. ఆ పట్టికలో ఇంకో గడి లేదు.

ఇంట్లో అరవలేదు, చెయ్యెత్తలేదు. మంచం వరండాలోకి మార్చుకున్నాడు. మాట తగ్గించాడు. పిల్ల లెక్కల పుస్తకం పట్టుకొస్తే "మీ అమ్మనడుగు" అనేవాడు. అనసూయ చదివింది ఐదో తరగతి. ఆమెకేం లెక్కలొస్తాయి? నలభై నిండకుండానే ఆయన భుజాలు వంగిపోయాయి. "ఏంది మాస్టారూ, ఒంట్లో బాగాలేదా?" అని నేనడిగితే "అలసటండీ" అనేవాడు. ఏడేళ్ళు అదే జవాబు. బడి చాకిరీ అనుకుని నేనూ నమ్మాను.

ఎనభై ఎనిమిదిలో అనసూయకు గర్భసంచి తీసెయ్యాల్సి వచ్చింది. అప్పటికే రక్తం చాలా పోయింది. నరసరావుపేటలో ఒక నర్సింగ్ హోములో చేర్చారు. ఓ గ్రూపు వాళ్ళం మాస్టారు, నేను, మా డ్రిల్లు మాస్టారు సిద్ధంగా ఉన్నాం. ముగ్గురిలో ఎవరి రక్తమూ ఆమె రక్తంతో కలవలేదు. కలిపి చూస్తే పాలు విరిగినట్టు పలుకులు కట్టింది. ల్యాబు చూసే సుభానీకి అంతుబట్టలేదు. ఆమె రక్తం చిన్న సీసాలో పోసుకుని గుంటూరు బస్సెక్కాడు. మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు.

"సార్, అమ్మది ఓ కాదంట, బాంబే గ్రూపంట," అన్నాడు. "రక్తకణాల మీద చక్కెర గొలుసులుంటయ్ సార్. ఏ అయినా బీ అయినా ఆ గొలుసు చివర తగులుకునేదే. దానికి ముందు ఇంకో చక్కెర అతుక్కోవాల. దాన్ని అతికించే ఎంజైము ఉంటది. ఆ ఎంజైముని తయారుచేసే జన్యువు అమ్మకి తల్లివైపూ తండ్రివైపూ కూడా పాడైందే వచ్చింది. దండెమే లేకపోతే బట్టలెక్కడ ఆరేస్తారు? అందుకే మామూలు పరీక్షకి ఓ లాగా కనపడింది. వాళ్ళమ్మా నాన్నా దగ్గరి చుట్టాలా?"

"మా అత్త మేనమామనే చేసుకుంది," అన్నాడు మాస్టారు. గొంతు తగ్గించి అడిగాడు. "అయితే ఆమెలో బీ ఉండొచ్చా, సుభానీ?"

"ఎందుకుండకూడదు? కనపడదంతే. బిడ్డకొస్తే బయటపడతది. దండెం మీరిస్తారు, బట్ట అమ్మ ఇస్తది."

మాస్టారు నన్ను బయట మెట్ల మీదికి తీసుకెళ్ళాడు. ఏడేళ్ళుగా మింగినదంతా నాకు అప్పుడు చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. "చదువుకున్న మూర్ఖుడివయ్యా నువ్వు," అన్నాను.

చివరికి అనసూయ తమ్ముడు అంకారావు రక్తం కలిసింది. అతనిదీ అదే గ్రూపు. మిరపచేను వదిలేసి వచ్చి, ఒక సీసా ఇచ్చి, టీ తాగి సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. ఆపరేషన్ బాగానే జరిగింది.

నాలుగో రోజు ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్ళాను. మాస్టారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆమెకు అన్నీ చెప్పేస్తున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"మగపిల్లాడు పుట్టలేదని కోపమనుకున్నానండీ," అంది అనసూయ. "ఏటా కోటప్పకొండ మెట్లెక్కి మొక్కుకున్నా."

వరండాలో పడుకునే మొగుణ్ణి పెట్టుకుని కొడుకు కోసం మొక్కుకుందట, పిచ్చితల్లి.

"నన్ను ఒక్కమాట అడగొచ్చుగా?"

"అడిగితే కాదనేదానివి."

"కాదనేదాన్నే."

"నేను నమ్మేవాణ్ణి కాదు, అనసూయా."

ఆ నిజం చెప్పినందుకు ఆయన్ని మెచ్చుకోవాలో, చెంప పగలగొట్టాలో నాకు తెలియలేదు. ఆమెకు కోపం కూడా రాలేదు. కోపానికీ ఓపిక కావాలి కదా.

"పిల్లకి చెప్పారా?"

"లేదు. ఇంటికెళ్ళాక అంతా చెప్పి, క్షమించమని..."

"చెప్పమాకండి," అంది. "నాన్నకి నేనంటే ఇష్టం లేదనుకుంటానే పెరిగింది. అట్టాగే అనుకోనీయండి. తన బిడ్డే కాదనుకున్నాడని తెలియడం కన్నా అదే నయం."