షాహిస్తా తీపి గుళికలు

వినుకొండలో జాకెట్లు కుట్టే షాహిస్తాను వీధిలో అందరూ ‘గుళికల అక్క’ అంటారు. ఆమె కుట్టుమిషన్ పక్క గూట్లో దారపు రీళ్ళతో పాటు నాలుగైదు హోమియో సీసాలుంటాయి. ఎవరికి జలుబు చేసినా ముందు ఆమె గడప దగ్గరే చెయ్యి చాపుతారు.

కూతురు అంజుమ్ వల్ల పట్టుకున్న అలవాటది. మిరపకాయల కాలం వస్తే చాలు, చిన్నప్పుడు ఆ పిల్లకు ముక్కు ఆగకుండా కారేది. చేదు సిరప్ చూస్తే ఇల్లంతా పరుగులు. ఒకసారి నరసరావుపేట హోమియో షాపులో అడిగితే, డాక్టరు చీటీ అక్కర్లేదంటూ అల్లియం సెపా గుళికలు ఇచ్చారు. పంచదారలా తియ్యగా ఉండేసరికి పిల్ల తనే నాలుక చాపింది. వారం తిరక్కుండా జలుబు పోయింది. షాహిస్తాకు గురి కుదిరింది.

“ఉల్లిపాయతో చేసిన మందు ఇది. ఉల్లిపాయ తరిగితే ముక్కు కారదూ? ఆ కారే ముక్కుకు ఇదే విరుగుడు” అని ఎదురింటి తాపీమేస్త్రీ యేసుపాదానికి ధీమాగా చెప్పేది.

“అయితే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటే పోద్దిగా అక్కా?”

“నోర్ముయ్ రా. గుళిక వేసుకున్నాక అరగంట దాకా టీ తాగబాక.”

అతనికి నవ్వొచ్చినా గుళికలు చప్పరించేవాడు. వాటితో పాటు ఆమె ఇచ్చే వేడి మిరియాల చారు కూడా తాగి వెళ్ళేవాడు.

నిరుడు వానల్లో వీధంతా ఫ్లూ జ్వరాలు పాకాయి. యేసుపాదానికీ వచ్చింది. ఒళ్ళు నొప్పులు, వణుకు అంటే షాహిస్తా జెల్సీమియం గుళికలిచ్చి, ఇంటిపట్టున ఉండమంది. కాస్త తేలిగ్గా ఉందని రెండు రోజులు పనికి పోయాడు. ఆ తర్వాత ఒక పొద్దున ఆమె మెట్టు మీద కూలబడ్డాడు.

“ఇంకో నాలుగు... గుళికలు పడెయ్ అక్కా. స్లాబ్ పని... ఉంది.”

షాహిస్తా సీసా అందుకోబోయి ఆగింది. అతని డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదాలు నల్లబడ్డాయి.

“మాట పూర్తిగా అనలేకపోతున్నావు, స్లాబ్ ఏంది? ఆస్పత్రికి పద.”

“నీ మందు మీద... నీకే నమ్మకం లేదా?”

“జలుబుకైతే చానా ఉంది. ఆయాసానికి లేదు. లెయ్!”

అతను గొణుగుతూనే ఉన్నాడు. ఆమె వినలేదు. ఆటో పిలిచి, రెక్క పట్టుకుని ఎక్కించింది. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందన్నారు. వెంటనే ఆక్సిజన్ పెట్టారు.

అతను కోలుకున్నాక షాహిస్తా అతనికి వైద్యం చేసిన డాక్టర్ జ్యోతిర్మయిని సూటిగానే అడిగింది: “మా గుళికల్లో ఏమీ లేదా మేడం?”

డాక్టరూ సూటిగానే చెప్పింది. “మామూలు జలుబు వారంలో దానంతటదే పోద్దమ్మా. గుళికల వల్లే పోయిందనడానికి రుజువు లేదు. మీరిచ్చే వేడి చారు, ఇంటిపట్టున ఉండమనే మాట మంచివే. కానీ ఆయాసం, తగ్గని జ్వరం కనబడితే ఒక్క పూట కూడా ఆగొద్దు. ఈయన్ని వేళకు తెచ్చారు.”

వారంలో పోయిన అంజుమ్ జలుబు గుర్తొచ్చి షాహిస్తా నొచ్చుకుంది. కానీ ఇంటికొచ్చేసరికి ఆ నొప్పి పోయింది. మనిషిని చూసి ప్రమాదాన్ని పోల్చుకున్న కన్ను తనదేగా!

సీసాలు పారెయ్యలేదు. పెద్దవాళ్ళు ముక్కు కారుతోందని అడిగితే, “దీనికి పోద్దో, దానంతటదే పోద్దో, ఏదైనా వారమే” అని నవ్వుతూ ఇస్తుంది. ఇచ్చేముందు మాత్రం ఎదుట కూర్చోబెట్టి ఊపిరి చూస్తుంది.

మొన్న పక్కవీధి ఇంద్రజ దగ్గుతున్న నెలల బిడ్డను ఎత్తుకొచ్చింది. “నీ చేత్తో ఒక్క గుళిక ఇయ్యక్కా.”

“పసిబిడ్డకు నేనియ్యనమ్మా. పాలు తాగుతున్నాడా?”

“పొద్దుట్నించీ తాగట్లా.”

షాహిస్తా చేతిలోని జాకెట్ పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని, బిడ్డను తన భుజం మీదికి తీసుకుంది.

“ఆటో కేకెయ్. నేనూ వస్తున్నా.”