చప్పుడు చేయని గడియారం

రోస్విటా కాల్టెన్‌బాఖ్ ఎడమచేతి వేళ్ళ మధ్య ఇత్తడి చక్రం ఉంది, కుడిచేతిలో సన్నని ఆకురాయి. చక్రానికున్న తొంభై ఆరు పళ్ళలో ఒకటి విరిగింది. ఆ చోట చిన్న గాడి కోసి, కొత్త ఇత్తడి ముక్క బిగించి, టంకం పెట్టి, ఇప్పుడు దాన్ని పక్క పళ్ళ ఆకారానికి అరగదీస్తోంది. కొత్త చక్రం కోసే యంత్రం మా వర్క్‌షాప్‌లోనే ఉంది. అయినా ఆమె పుట్టిపెరిగిన నల్లడవి కొండల్లో గడియారాలు చేసేవాళ్ళు ఒక్క పన్ను విరిగిందని చక్రాన్ని పారేయరు. పారేసినవాణ్ణి చేతకానివాడి కింద లెక్క కడతారు. ఆమె పని పూర్తిచేసి చూపించినప్పుడు, ఏది కొత్త పన్నో పక్క బల్ల దగ్గర పనిచేసే నేను కూడా పట్టుకోలేకపోయాను.

ఇది 1979 నాటి మాట. విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగం పై అంతస్తుల్లో ఉండేది. వాళ్ళకు కావలసిన పరికరాలు చేసిపెట్టే మేము కింద ఉండేవాళ్ళం. రోస్విటా పద్నాలుగో ఏట తన ఊరి గడియారాల ఫ్యాక్టరీలో చేరింది. బ్యాటరీ గడియారాలు వచ్చి ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక మా దగ్గరికి వచ్చింది. మేస్త్రీ పరీక్ష రాయలేదు, సర్టిఫికెట్ లేదు. నేర్చుకున్నదంతా కళ్ళతో చూసి, చేత్తో చేసి నేర్చుకున్నదే. ఆమె ఉద్యోగం తాత్కాలికం, ఆ వేసవితో ముగుస్తుంది. పర్మినెంట్ కావాలంటే ప్రొఫెసర్ హైంబుర్గర్ సిఫారసు రాయాలి. యాభై దాటిన మనిషికి బయట ఇంకో బల్ల దొరకదని మా అందరికీ తెలుసు.

ప్రొఫెసర్ మంచివాడే. పొద్దున తొమ్మిదింటికి మేం రొట్టె, సాసేజ్ తినే వేళకు కిందికి దిగి వచ్చి మాతో వాదన పెట్టుకునేవాడు. మనిషి తన ఇష్టంతో ఏదీ చేయడనీ, పుట్టుక, పెంపకం, మెదడు కలిసి ముందే తేల్చేస్తాయనీ ఆయన నమ్మకం.

"కాల్టెన్‌బాఖ్ గారూ, మీ తాత గడియారాలవాడు, మీ నాన్న గడియారాలవాడు. మీరు ఇంకేమవుతారు చెప్పండి?" అన్నాడొకసారి.

"మా అన్నయ్య మాంసం కొట్టు పెట్టాడండీ. వాడికి ఏ తాత పోలిక వచ్చినట్టు?" అంది రోస్విటా, సాసేజ్ ముక్కలు కోస్తూ. అందరితోపాటు ప్రొఫెసరూ నవ్వాడు.

రోస్విటా బాగుచేసిన ఆ చక్రం వెళ్ళింది ఆయన ప్రయోగంలోని గడియారానికే. చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే చిన్న గదిలో ఒక మనిషి కూర్చుంటాడు. తలకు తీగలు అంటించి ఉంటాయి. ఎదుట సన్నని దీపం వెలుగులో గడియారం ముల్లు మూడు సెకన్లకొకసారి చుట్టూ తిరుగుతుంది. తనకు బుద్ధి పుట్టినప్పుడు వేలెత్తాలి. అలా ఎత్తాలని అనుకున్న క్షణంలో ముల్లు ఎక్కడుందో చెప్పాలి. ఈ పని చేయిస్తున్నది గెర్లిండె రూఫ్, ప్రొఫెసర్ దగ్గర డాక్టరేట్ చేస్తున్న అమ్మాయి.

ఐదు నెలల తర్వాత గెర్లిండె సంబరంగా కాగితాలు పట్టుకొచ్చింది. ఇరవై నలుగురిలో పంతొమ్మిది మంది దాదాపు ప్రతిసారీ ముల్లు నాలుగుకూ ఐదుకూ మధ్య ఉన్నప్పుడే వేలెత్తారట. అందరూ తమ ఇష్టంతోనే ఎత్తామంటున్నారట. స్వేచ్ఛ అన్నది ఉత్త భ్రమ అనడానికి ఇంతకన్నా ఏం కావాలని ప్రొఫెసర్ పొంగిపోతున్నాడట. వచ్చే నెల శాస్త్రవేత్తల సభలో ఈ ఫలితాలు చదవబోతున్నాడట.

రోస్విటా ఆ కాగితాలను చాలాసేపు చూసింది. మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని ప్రయోగం గదికి వెళ్ళింది. చెక్కపుల్ల ఒక కొన పళ్ళతో కరిచిపట్టి, రెండో కొన గడియారం పెట్టెకు ఆనించి కళ్ళు మూసుకుంది. వాళ్ళ ఊళ్ళో గడియారం జబ్బు కనిపెట్టేది ఇలాగే. కళ్ళు తెరవకుండానే, పుల్ల గుండా ఏదో విన్నట్టు, ముల్లు మూడు మీదికి వచ్చిన ప్రతిసారీ ఆమె వేలు ఆడించింది. తర్వాత పుల్ల తీసేసి, నన్ను బయట ఉంచి తలుపు మూసుకుని కుర్చీలో పావుగంట కూర్చుంది.

బయటికి వచ్చి, "పుల్ల లేకపోయినా వినిపిస్తోంది. మొదట్లో తెలియదు. కాసేపటికి వేలు దానంతట అదే లేస్తుంది," అంది.

ముల్లు మూడు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె పెట్టిన పన్ను పక్కనున్న చిన్న చక్రానికి తగిలి, దుమ్ము రాలినంత చప్పుడు చేస్తోంది. టిక్కుటిక్కుమనే మామూలు గడియారంలో అది ఎవరికీ వినబడేది కాదు. మోటారుతో మెత్తగా తిరిగే ఈ గడియారంలో అదొక్కటే చప్పుడు. అది చెవినపడి వేలు లేచేసరికి ముల్లు నాలుగు దాటుతుంది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదని నేనే అన్నాను. సిఫారసు వచ్చేదాకానైనా ఆగమన్నాను. చేతులు తుడుచుకుని ఆమె మెట్లెక్కింది. నేనూ వెంట వెళ్ళాను.

ప్రొఫెసర్, గెర్లిండె ఇద్దరూ గదిలో ఉన్నారు. రోస్విటా కూర్చోలేదు. "ఆ వేళ్ళు ఎత్తించింది వాళ్ళ మనసూ కాదు, మెదడూ కాదండీ. నేను అతికిన పన్ను. తప్పు నాది," అంది.

ప్రొఫెసర్ ముఖం మాడిపోయింది. ఈ సంగతి ఇంకెవరికి తెలుసని అడిగాడు. మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదని ఆమె చెప్పింది.

"నా ఐదు నెలలు పోయినట్టేనా?" అంది గెర్లిండె.

"పోయినట్టేనమ్మా. మూడు వారాలు గడువివ్వు, వేరే గడియారం చేసిస్తాను."

ప్రొఫెసర్ సభకు వెళ్ళడం మానుకున్నాడు. తొమ్మిది రోజులు కిందికి రాలేదు. సిఫారసు మాట ఎవరూ ఎత్తలేదు. రోస్విటా మాత్రం పళ్ళ చక్రాలన్నీ తీసి పక్కన పడేసింది. మోటారును గోడ అవతల పెట్టి, పట్టుతాడుతో ముల్లు తిప్పాలనుకుంది. తాడు కొనలు కలిపి ముడి వేస్తే ప్రతి చుట్టుకూ ముడి తగిలి చప్పుడవుతుంది. అందుకని రెండు కొనల పోగులు విడదీసి ఒకదానిలో ఒకటి అల్లింది. ఐదుసార్లు విప్పి ఆరోసారి అల్లుతుండగా ప్రొఫెసర్ వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"ఆలోచిస్తే మీరు చేసిందాంట్లో వింతేమీ లేదు. గడియారాలవాళ్ళ బిడ్డ తప్పు గడియారాన్ని ఓర్చుకోలేదు. మీరు ఒప్పుకుంటారని నేను ముందే చెప్పగలిగేవాణ్ణి," అన్నాడు.

రోస్విటా తల ఎత్తలేదు. "చెప్పగలిగేవారేమో. చెప్పలేదు కదండీ," అంది.

వర్క్‌షాప్ అంతా చేతులాపి చూసింది. ప్రొఫెసర్ కాసేపు ఆ పట్టుపోగుల వైపు చూసి, జేబులోంచి కవరు తీసి ఆమె బల్ల మీద పెట్టాడు. అది సిఫారసు. తన పనిలో తప్పును తానే వెతికి, తనకు నష్టమని తెలిసీ బయటపెట్టిన మనిషి ఈ విభాగానికి ఎల్లకాలం కావాలని రాశాడు. దాన్ని అందరికీ చదివి వినిపించింది నేనే. ఆమె చేతులు తాడు వదిలే స్థితిలో లేవు.

ఇరవయ్యో రోజున గడియారం సిద్ధమైంది. గెర్లిండె చీకటి గదిలో అరగంట కూర్చుంది. చెక్కపుల్ల పళ్ళ మధ్య పెట్టుకుని కూడా విన్నది. బయటికి వచ్చి ఏమీ వినబడలేదని చెప్పింది.

"ఇక వాళ్ళు వేలెత్తితే నా ప్రమేయం ఉండదు. ఎందుకెత్తారో మీరు తేల్చుకోండి," అంది రోస్విటా.

గెర్లిండె అందినట్టు చీటీ మీద సంతకం చేసి, గడియారాన్ని రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కింది.