నాయన తిరగేసిన చీర

దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల కొట్టు తెరవగానే మా నాయన చేసే మొదటి పని దేవుడికి దీపం పెట్టడం కాదు, పేపర్లో చట్టాల వార్తలు చదివి దేశాన్ని తిట్టడం. నేరాల చట్టాలకు కొత్త పేర్లు వచ్చినప్పుడు "పేర్లు మార్చిన్రు, నంబర్లు మార్చిన్రు, దొంగలనైతే మార్చలే" అని తేల్చేశాడు. కార్మిక చట్టాలన్నిటినీ కలిపి నాలుగు చేశారని చదివి, "నాలుగైనా నలభయ్యైనా, మా మగ్గానికి ఆదివారం ఇచ్చినోడు లేడు" అన్నాడు. నేను లాయర్ని. అయినా నా అభిప్రాయం ఎవరూ అడగరు. నోరు తెరిస్తే "జర ఆగు బిడ్డా, చదువుతున్న గదా" అంటాడు.

నలభై ఏళ్లు వచ్చేదాకా ఆయన పోచంపల్లిలో నేత నేశాడు. అందుకే ఏ గుడ్డ కనిపించినా తిరగేసి వెనకవైపు చూస్తాడు. పోచంపల్లిలో దారానికే రంగు అద్ది నేస్తారు కాబట్టి అసలు చీర రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిందైతే వెనక వెలవెలబోతుంది. పెళ్లి పందిరి పరదాలు, చుట్టాల లుంగీలు, చివరికి నా నల్లగౌను కూడా తిరగేశాడు. గౌను చూసి పెదవి విరిచాడు.

మోకాళ్లు అరిగాక సరుకు తెచ్చే పని మా చిన్నాయన చేతికి వెళ్లింది. చీరలు ప్లాస్టిక్ కవర్లలో వచ్చి కవర్లలోనే వెళ్లిపోయేవి. నాయన గల్లా దగ్గర కూర్చుని ఆశీర్వాదాలు ఇచ్చేవాడు.

ఒకరోజు నోటీసు వచ్చింది. పోచంపల్లి చీరని చెప్పి అచ్చు చీర అంటగట్టారని ఒక టీచరమ్మ ఫోన్లోనే వినియోగదారుల కేసు వేసింది. ఇప్పుడు గడప దాటకుండానే మనుషుల నిద్ర చెడగొట్టవచ్చు. చిన్నాయన నన్ను పక్కకు లాగి, "అది మిల్లు సరుకే. అన్నకు చెప్పకు బిడ్డా, పానం పోతది" అన్నాడు.

చెప్పలేదు. ఎవరో గిట్టనివాళ్లు వేసిన కేసన్నాను. జవాబులో మాత్రం ఇలా రాశాను: "బిల్లులో పోచంపల్లి అన్నది డిజైను పేరే గాని, నేతకు హామీ కాదు." అక్కడ నేసినదానికి తప్ప ఆ పేరు వాడకూడదని చట్టం ఉందని తెలిసే రాశాను. సిగ్గులేకుండా ఆ వాక్యం చూసి మురిసిపోయాను కూడా. కొట్టు నాయన పేరు మీద ఉంది కాబట్టి సంతకం ఆయనదే. దేశంలోని చట్టాలన్నీ చదివేవాడు, కూతురు రాసింది చదవకుండానే సంతకం పెట్టాడు.

రాజీ కుదర్చడానికి ఎల్బీ నగర్‌లో ఒక మధ్యవర్తి దగ్గరికి రమ్మన్నారు. నోరు తెరవొద్దని నాయనకు మెట్రో దిగిన దగ్గర్నుంచి చెబుతూనే ఉన్నాను. టీచరమ్మ సంచిలోంచి చీర తీసి బల్ల మీద పెట్టింది. నాయన చెయ్యి ఆగుతుందా? తిరగేశాడు.

"అయ్యో, గిది ప్రింటు గదమ్మా! ఏ లంగగాడు అంటగట్టిండు నీకు?"

"మీరేనండీ," అందావిడ. "మా ఊరి చీర అని, కళ్లకద్దుకుని కట్టుకోమని చెప్పింది కూడా మీరే."

మధ్యవర్తి ఫైలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. నాయన చీర అంచు వెతికి మా కొట్టు చీటీ చూసుకున్నాడు. తర్వాత ఆవిడ అడిగినదానికల్లా ఒప్పుకున్నాడు.

అంతా అయ్యాక నా చేతిలోంచి జవాబు కాగితం తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, పేపరు చదివినట్టే పైకి చదివాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"గిది నువ్వే రాసినవా బిడ్డా?"

తలూపాను.

"మంచిగనే రాసినవ్. ముంగట చూస్తే తప్పేం దొరకది," అని ఆ కాగితాన్ని కూడా తిరగేసి చూశాడు.