సింహాలు దిగిన కారు

దివాణం అమ్ముడుపోయి, దివాణం నడక ఒక్కటే నాకు మిగిలిన రోజులవి. హిందూపురంలో పాలు తేవడానికి పోయినా మెడ నిటారుగా పెట్టుకొనే పోయేవాణ్ణి (చెంబులో పాలు తొణికేవి, అది వేరే సంగతి). ఇల్లూ పొలమూ పోగా మాకు మిగిలినవి రెండే: తాత కొన్న నల్ల కారు, దివాణం గేటు మీద ఉండిన రెండు సింహాల ఇత్తడి పలక. గేటు కొన్నవాడు పలక కూడా అడిగాడు. ఎంత ధైర్యం. ఆయుధపూజ నాడు ఆ పలకను చింతపండుతో తోమి, కారు ముందు జాలీ మీద నేనే తీగలతో బిగించాను. వెడల్పు అచ్చంగా సరిపోయింది. గేటు లేకపోతేనేం, ఇక మా సింహాలు ఊరంతా తిరుగుతాయి అనుకున్నాను.

ఆ వారం నుంచే కారు మరగడం మొదలుపెట్టింది. రెండు మైళ్ళు పోతే చాలు, వేడి చూపే సూది ఎర్రగీత దాటేది, రేడియేటరు మూత దగ్గర బుసబుసమని ఆవిరి. ఒక మెకానిక్కు నీళ్ళ పంపు మార్చాడు. ఇంకొకడు, మా బోరు నీళ్ళకు రేడియేటరు లోపల సున్నం పేరుకుందని చెప్పి దాన్ని విప్పి కడిగాడు. అయినా మరిగింది. "పాత ఇనుము కదన్నా, దానికీ వయసైపోయుండాది" అన్నాడు వాడు. వాడితో నేను మళ్ళీ మాట్లాడలేదు.

ఇంతలో చిన్నాయన కూతురి పెండ్లి కుదిరింది. పట్టుచీరలకు ధర్మవరం పోవాలి. నాయన రైల్లో ముందే బయలుదేరుతూ, "అవ్వను నువ్వు కార్లో పిల్చుకొని రా. దారిలో యాడా నిలబడకుండా వస్తే కారు ఉంటాది. నిలబడిందా, రేపే బేరగానికి తాళమిచ్చేస్తా" అన్నారు. మా ఇంటి చివరి ఆస్తికి ఇలాంటి పరీక్షా? కోపంతో నాకు ఆ పూట అన్నం దిగలేదు.

చల్లపొద్దునే బయలుదేరి మెల్లగా నడిపినా, పెనుకొండ కనబడేసరికి సూది ఎర్రగీత మీద వాలింది. కోళ్ళ బండి ఒకటి హారన్ కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయింది. ఆ అవమానం దిగమింగుతుండగానే ముందంతా ఆవిరి కమ్మింది. కారు నిలబడింది, అదీ ఒక షెడ్డు ముందర. లోపల్నుంచి గ్రీజు చేతులతో ఒక పెద్దాయన వచ్చి, "ఏమబ్బా, ఏమైంది?" అన్నాడు. మా తాత ముందర ఆ పెనుకొండలో ఎవరూ కూర్చునేవారు కారట. నన్ను ఏమబ్బా అంటాడు.

ఆయన తొందరపడలేదు. ఇంజను చల్లారేదాకా బీడీ కాల్చి, తడి గోనెపట్టా వేసి మూత తిప్పాడు, నీళ్ళు నింపాడు. బండి స్టార్టు చేయించి బెల్టు చూశాడు, ఫ్యాను చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి ముందుకొచ్చి, పాత క్యాలెండరు కాగితం ఒకటి సింహాల మీద ఆనించి వదిలాడు. జారి కిందపడింది.

"ఈ పలక యాడిదప్పా?"

"మా దివాణం గేటుది."

"గేటు యాడుండాది?"

"అమ్మేశాం."

"గేటు పోయినా ఇది మాత్రం దారి మూస్తానే ఉండాది. గాలి లోపలికి పోకపోతే రేడియేటరు యాడ చల్లారుతాది?"

నేను దివాణం గురించి మొదలుపెట్టాను. తాత దగ్గర్నుంచి. ఆయన వింటూనే కటింగ్ ప్లేయరు తీసి తీగలు తెంచాడు. పలక ఊడింది. మళ్ళీ కాగితం పెట్టాడు. ఈసారి ఫ్యాను లాగే గాలికి జాలీకి అతుక్కొని నిలిచింది.

"ఇట్ల తే నాయనా" అని వెనక సీట్లోంచి అవ్వ చేతులు చాచింది. ధర్మవరం దాకా సింహాలు అవ్వ ఒళ్ళోనే ప్రయాణం చేశాయి. సూది సగం కూడా దాటలేదు. నాకది ఇంకా కోపం తెప్పించింది.

చీరల అంగడి ముందు నాయన నిలబడి ఉన్నారు. బోసిగా ఉన్న కారు ముందుభాగాన్ని చూశారు, గడియారం చూశారు. "నిలబడిందా?"

నేను నోరు తెరిచేలోగానే అవ్వ దిగింది. "నేనే నిలపమంటి రా. కాఫీ తాగల్లనిపిచ్చె."

అవ్వ పుట్టి బుద్ధెరిగి హోటలు కాఫీ ముట్టలేదు. ఆ సంగతి నాయనకు తెలుసు. ఆయన పలక అందుకొని, చీర కొంగు తగిలి మసకబారిన చోట పంచెతో తుడిచి, "లోపలికి రాండి" అన్నారు. అంతే.

కారు ఇంకా ఉంది. సింహాలు మా వంటింటి గోడకున్నాయి, కింద గ్యాసు సిలిండరు. బయలుదేరే ముందు ఇప్పటికీ ఒక కాగితం తీసి జాలీకి పెట్టి చూస్తాను. అక్కడ అడ్డమేమీ లేదని తెలుసు. అయినా అది అతుక్కున్నాక, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ ఒకసారి చూసి, మెడ నిటారు చేసుకొని స్టీరింగు ముందు కూర్చుంటాను.